భక్తపూర్‌లో ఒక రోజు: పిల్లలతో కట్టడాలు చూడటం ఎలా?



మన పేరెంట్స్‌లో చాలామంది వేసవి సెలవుల్లో ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్రకు నేపాల్ వెళ్తుంటారు. జూన్‌లో స్కూల్ తెరవగానే "ఏం చూశారు?" అని పిల్లల్ని అడుగుతాను. జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. "గుడి చూశాం మేడం. ఫొటోలు దిగాం. చలేసింది."

పోయిన వేసవిలో నేను కూడా అమ్మానాన్నలతో, అక్క కుటుంబంతో అదే యాత్రకు వెళ్లాను. మా ప్యాకేజీలో ఆఖరి రోజు "ఫ్రీ డే, షాపింగ్" అని ఉంది. షాపింగ్ అమ్మకు, అక్కకు వదిలేసి నేను, నాన్న, ఎనిమిదో తరగతి చదువుతున్న అక్క కొడుకు ఖాట్మండుకు తూర్పున 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న భక్తపూర్ వెళ్లాం. మావాడికి హోటల్ వైఫై వదిలి రావడం అస్సలు ఇష్టం లేదు. "ఇంకో గుడేనా పిన్నీ?" అంటూనే కారెక్కాడు.

సాయంత్రానికి వాడు ప్రశ్నలతో నన్ను ఊపిరాడనివ్వలేదు. ఆ మార్పు నా వల్ల వచ్చింది కాదు. మా గైడ్ గారి వల్ల వచ్చింది. ఆ రోజు నేను నేర్చుకున్నది మీకు కూడా ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఊరి గురించి

ఖాట్మండు లోయలో ఒకప్పుడు మూడు రాజ్యాలు ఉండేవి: ఖాట్మండు, పాటన్, భక్తపూర్. మూడింటినీ మల్ల వంశపు రాజులే ఏలేవారు. అన్నదమ్ముల పిల్లల మధ్య ఉండే పోటీ లాంటిదే వాళ్ల మధ్యా ఉండేది. ఒకరు గుడి కడితే ఇంకొకరు అంతకన్నా ఎత్తుగా కట్టేవారు. కట్టిన పనివాళ్లు నేవార్లు, అంటే ఆ లోయలో తరతరాలుగా ఉంటున్నవాళ్లు. ఇటుక, కర్ర, రాగి, రాయి ఏదైనా వాళ్ల చేతిలో చక్కగా ఒదిగిపోతుంది. 1979లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో భక్తపూర్ దర్బార్ చౌక్ ఒక భాగం.

మా గైడ్ గారికి యాభై దాటి ఉంటాయి. పుట్టింది, పెరిగింది ఆ ఊళ్లోనే. మాతో హిందీలో మాట్లాడారు. టికెట్ తీసుకుని లోపలికి అడుగు పెట్టగానే నేను అలవాటు ప్రకారం మొదలుపెట్టాను: "చూడు నాన్నా, ఇది 55 కిటికీల రాజభవనం..." ఆయన నవ్వి నన్ను ఆపారు. "మేడం, బాబును ముందు చూడనివ్వండి. చెప్పడం తర్వాత." ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, కొంచెం చురుక్కుమంది. కానీ ఆయన మాటలో నిజం ఉంది. పిల్లవాడు చూడకముందే మనం జవాబు చెప్పేస్తే వాడికి చూడాల్సిన అవసరం ఏముంటుంది?

ఆ తర్వాత రోజంతా ఆయన ప్రశ్నలు వేస్తూనే ఉన్నారు. వాటిలో ఐదు మీకు చెబుతాను.

1. ఈ చౌక్ ఇంత ఖాళీగా ఎందుకు ఉంది?

మావాడు చుట్టూ చూశాడు. ఒకవైపు రాజభవనం, బంగారు పూత పూసిన రాగి ద్వారం, రెండు మూడు గుళ్లు. మధ్యలో విశాలమైన ఖాళీ. "రాజుగారి సభల కోసం" అన్నాడు. గైడ్ గారు తల అడ్డంగా ఊపి, నేల మీదున్న ఇటుక అరుగుల్ని చూపించారు. వాటి మీద ఏ కట్టడమూ లేదు.

1934 జనవరిలో బీహార్, నేపాల్‌లను ఒక పెద్ద భూకంపం కుదిపేసింది. అప్పుడు ఈ చౌక్‌లోని చాలా గుళ్లు కూలిపోయాయి. వాటిలో కొన్నింటిని మళ్లీ కట్టలేదు. మనం ఖాళీ స్థలం అనుకున్నది నిజానికి పోయిన గుళ్ల చోటు. 

ఆ ఖాళీలోనే ఎనిమిది కోణాల మండపం ఒకటి ఉంది. దాని పేరు ఛ్యాసిలిన్ మండపం. అది కూడా 1934లోనే పడిపోయింది. పాత ఫొటోల ఆధారంగా, మిగిలిన పాత కర్ర ముక్కల్ని వాడుకుంటూ 1980ల చివర్లో జర్మనీ సాయంతో మళ్లీ కట్టారు. దగ్గరికి వెళ్లి చూస్తే కర్రల మధ్య స్టీల్ కనిపిస్తుంది. "పాత గుడికి స్టీల్ పెట్టడం చీటింగ్ కదా?" అన్నాడు మావాడు. కట్టిన రోజుల్లో పెద్దవాళ్లు కూడా అదే వాదించుకున్నారట. అయితే 2015 భూకంపంలో ఆ మండపం చెక్కుచెదరకుండా నిలబడింది. ఏది సరి అన్నది గైడ్ గారు చెప్పలేదు. "నువ్వే ఆలోచించు బాబూ" అని ముందుకు నడిచారు.

2. చూరు ఇంత బయటికి ఎందుకు వచ్చింది?

అక్కడి చాలా గుళ్లకు పైకప్పులు గొడుగుల్లా వెడల్పుగా ఉంటాయి. చూరు గోడ దాటి చాలా దూరం బయటికి వస్తుంది. దాన్ని మోయడానికి గోడ నుంచి ఏటవాలుగా కర్ర ఆసరాలు పెడతారు. వాటిని టుండాల్ అంటారు. వాటి మీద దేవతల బొమ్మలు చెక్కి ఉంటాయి. అందుకే మనం వాటిని అలంకారం అనుకుని ఫొటో తీసుకుంటాం. నిజానికి పైకప్పు బరువును మోస్తున్నది అవే.

ఇంతకీ చూరు అంత వెడల్పు ఎందుకు? గోడను ముట్టుకోమన్నారు గైడ్ గారు. ఇటుకలు నున్నగా, ఒకదానికొకటి అంటుకున్నట్టు ఉన్నాయి. మధ్యలో సందు దాదాపు కనిపించదు. ఈ ఇటుకను దాచీ అప్పా అంటారు. ముందువైపు వెడల్పుగా, వెనకవైపు కొంచెం సన్నగా చేస్తారు. అందువల్ల ఇటుకల్ని కలిపే అడుసు వెనకే ఉండిపోతుంది. ఆ అడుసు సిమెంట్ కాదు, మట్టి. మట్టి అడుసుకు వాన శత్రువు. గోడ తడవకూడదంటే చూరు దూరంగా రావాలి. చూరు దూరంగా రావాలంటే దానికి ఆసరా కావాలి. ఆసరా ఎలాగూ అందరికీ కనిపిస్తుంది కాబట్టి శిల్పి దాన్ని దేవతగా చెక్కాడు.

ఒక్క "ఎందుకు"తో మొదలుపెడితే వాన నుంచి శిల్పం దాకా వెళ్లాం. ఇదంతా మావాడు తనే ఒక్కో మెట్టూ కలుపుకుంటూ చెప్పాడు. గైడ్ గారు "తర్వాత?" అనడం తప్ప ఇంకేమీ అనలేదు.

3. న్యాతపోల ఎందుకు పడిపోలేదు?

దర్బార్ చౌక్ నుంచి కాస్త నడిస్తే టౌమఢీ చౌక్ వస్తుంది. అక్కడ ఐదు కప్పుల న్యాతపోల గుడి ఉంది. ఎత్తు దాదాపు 30 మీటర్లు, అంటే మన పదంతస్తుల అపార్ట్‌మెంట్ అంత. 1702లో భూపతీంద్ర మల్ల రాజు కట్టించాడు. లోపలున్నది సిద్ధిలక్ష్మి అమ్మవారు. పూజారులు తప్ప ఎవరూ లోపలికి వెళ్లరు.

మెట్లకు రెండు వైపులా జంట విగ్రహాలు ఉంటాయి. అన్నింటికన్నా కింద ఇద్దరు మల్లయోధులు, వాళ్ల పైన ఏనుగులు, ఆ పైన సింహాలు, తర్వాత సింహం ఒళ్లు, కొమ్ములు కలిసిన శార్దూలాలు, అన్నింటికన్నా పైన సింహిణి, వ్యాఘ్రిణి అనే దేవతలు. మామూలు మనిషి కంటే మల్లయోధుడు పదిరెట్లు బలవంతుడనీ, ప్రతి మెట్టుకూ బలం పదిరెట్లు పెరుగుతుందనీ అక్కడివాళ్లు చెబుతారు. మావాడు అక్కడే నిలబడి "అంటే పైనున్న దేవతకు మనిషి కన్నా లక్ష రెట్లు" అని లెక్క తేల్చాడు. పది ఘాతం ఐదు. తొమ్మిదో తరగతి మ్యాథ్స్ టీచర్లు దీన్ని వాడుకోవచ్చు!

ఈ గుడి 1934 భూకంపాన్నీ, 2015 భూకంపాన్నీ తట్టుకుంది. పైభాగంలో దెబ్బతింది కానీ కూలలేదు. ఎందుకు? అమ్మవారి మహిమ అంటారు ఊరివాళ్లు. ఇంజనీర్లు చెప్పే కారణాలు కూడా కంటికి కనిపించేవే. కింద ఐదు మెట్ల విశాలమైన పీఠం ఉంది. గుడి నాలుగు వైపులా ఒకేలా, చతురస్రంగా ఉంటుంది. ఒక్కో అంతస్తూ కింది దానికన్నా చిన్నది కాబట్టి బరువంతా కిందే ఉంటుంది. లోపల కర్ర దూలాలు ఇటుక గోడల్ని పట్టీల్లా చుట్టి పట్టుకుంటాయి. 

నాన్నకు వెంటనే రామప్ప గుర్తొచ్చింది. 1213 నాటి ఆ గుడికి పునాదిలో ఇసుక నింపారు, శిఖరానికి తేలికైన ఇటుకలు వాడారు. "ఇక్కడ కింద బరువు పెట్టారు, అక్కడ పైన బరువు తగ్గించారు. రెండూ ఒకే ఆలోచన" అన్నారు నాన్న. మా నాన్న రిటైర్డ్ గుమస్తా, ఇంజనీర్ కాదు. కానీ ఆ మాట విని గైడ్ గారు నాన్నకు చేతులు జోడించారు.

4. మరి ఇళ్లెందుకు పడిపోయాయి?

ఇది మావాడు అడిగిన ప్రశ్న. గైడ్ గారు కాసేపు మాట్లాడలేదు.

2015 ఏప్రిల్ 25, మధ్యాహ్నం 12 కావస్తుండగా 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. నేపాల్‌లో దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయారు. భక్తపూర్ బాగా దెబ్బతిన్న ఊళ్లలో ఒకటి. గైడ్ గారి ఇల్లు కూడా పోయింది. ఆ ఇంట్లో ఆయన పెద్దమ్మ పోయారు.

గుడి, ఇల్లు రెండూ ఇటుక, మట్టి, కర్రతో కట్టినవే కదా, మరి తేడా ఎక్కడ? ఆయన మమ్మల్ని ఒక సందులోకి తీసుకెళ్లి సగం కూలిన గోడ చూపించారు. బయటివైపు చక్కటి కాల్చిన ఇటుక. లోపలివైపు ఎండబెట్టిన పచ్చి ఇటుక. రెంటికీ మధ్య మట్టి, ముక్కలు. బయటి వరసనూ లోపలి వరసనూ కలిపి పట్టుకునేది ఏమీ లేదు. ఊగినప్పుడు రెండూ చెరోవైపు విడిపోతాయి. మంచి ఇంటికైతే దూలాలు గోడ దాటి బయటికి వచ్చి, చుకుల్ అనే చెక్క చీలలతో బిగించి ఉంటాయి. దానివల్ల నేల, గోడ కలిసి ఊగుతాయి. అన్నదమ్ములు ఇల్లు నిలువునా పంచుకున్నప్పుడు, పైన ఇంకో అంతస్తు లేపినప్పుడు ఆ కట్టు తెగిపోతుంది.

"పాతవన్నీ గట్టివని ఎవరైనా చెబితే నమ్మకు బాబూ. పాతది అయినంత మాత్రాన ఇల్లు నిలబడదు. ముక్కలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటేనే నిలబడుతుంది" అన్నారాయన.

ఒక టీచర్‌గా నా మనసులో నిలిచిపోయిన మాట ఇంకొకటి ఉంది. నేపాల్‌లో వారపు సెలవు శనివారం. భూకంపం వచ్చింది శనివారం. వేలాది తరగతి గదులు కూలిపోయాయి. కానీ ఆ రోజు వాటిలో పిల్లలు లేరు. ఆ మాట విన్నప్పుడు నా కళ్ల ముందు మా ఎయిత్ బి క్లాస్ మెదిలింది. తిరిగి వచ్చాక మన స్కూల్ మాక్ డ్రిల్‌ను నేను ఎప్పుడూ "పీరియడ్ పోయింది" అనుకోలేదు.

5. పైకప్పు మీద గడ్డి ఉంటే నష్టమేంటి?

మధ్యాహ్నం కుమ్మరి వీధి పక్కన కూర్చుని జూజూ ధౌ తిన్నాం. అంటే "రాజు పెరుగు". మట్టి మూకుడులో తోడేస్తారు. మట్టి నీళ్లు పీల్చేస్తుంది కాబట్టి పెరుగు గడ్డగా, చెంచాతో కోసేలా ఉంటుంది. మన పల్లెల్లో కుండ పెరుగు తిన్నవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

అక్కడ కూర్చునే మావాడు ఒక చిన్న గుడి పైకప్పు మీద పచ్చగా గడ్డి మొలిచి ఉండటం చూశాడు. "బాగుంది" అంటూ ఫోన్ తీశాడు. గైడ్ గారు ఆఖరి ప్రశ్న వేశారు: "ఆ గడ్డి అలాగే ఉంటే ఏమవుతుంది?"

అక్కడి పెంకులు చిన్నవి, ఝింగటి అంటారు. చెక్క మీద మట్టి పరిచి, ఆ మట్టిలో వాటిని వరసగా పేరుస్తారు. గాలికి, పిట్టల వల్ల గింజలు వచ్చి ఆ మట్టిలో మొలుస్తాయి. వేళ్లు పెంకును లేపుతాయి. సందులోంచి వాన దిగుతుంది. కింద చెక్క, ఆ తర్వాత దూలం చివర నానుతుంది. పుచ్చిన దూలం గోడను పట్టుకోలేదు. ఇదంతా జరగడానికి ఇరవై ముప్పై ఏళ్లు పట్టొచ్చు. బయటికి ఏమీ కనిపించదు. ఆ తర్వాత ఒకరోజు భూమి కదులుతుంది. అందరూ "భూకంపం కూల్చేసింది" అంటారు.

పూర్వం ఈ గడ్డి పీకడానికి, పెంకులు సర్దడానికి, దీపం పెట్టడానికి గుఠీలు ఉండేవి. గుఠీ అంటే కొన్ని కుటుంబాలు కలిసి నడిపే ధర్మసంస్థ లాంటిది. దానికి మాన్యం భూములుండేవి. ఆ పంట మీద వచ్చే డబ్బుతో మరమ్మతులు జరిగేవి. కాలక్రమంలో చాలా గుఠీల భూములు పోయాయి, పని ఆగింది. ఇప్పుడు భక్తపూర్ మునిసిపాలిటీ టూరిస్టుల టికెట్ డబ్బును ఇలాంటి పనులకు ఖర్చు పెడుతోంది. 2015లో పడిన గుళ్లలో చాలావాటిని ఊరివాళ్లే కమిటీలుగా ఏర్పడి, స్థానిక వడ్రంగులు, మేస్త్రీలతో మళ్లీ కట్టించుకున్నారు. దర్బార్ చౌక్‌లో పూర్తిగా నేలకూలిన వత్సలా దుర్గ గుడి అలా లేచినదే.

సాయంత్రం ఖాట్మండు తిరిగి వచ్చాక కాష్ఠమండపం దగ్గర ఆగాం. ఖాట్మండుకు ఆ పేరు వచ్చింది దీనివల్లే. 2015లో ఇది పూర్తిగా కూలింది. తర్వాత పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి చూస్తే, వెయ్యేళ్లు దాటిన పునాది దృఢంగానే ఉంది. కానీ మండపాన్ని మోసే నాలుగు ప్రధాన స్తంభాల్లో ఒకటి తన అడుగు రాయి మీద సరిగ్గా కూర్చుని లేదు. ఇరవయ్యో శతాబ్దంలో చేసిన ఒక మరమ్మతులో నేల పరిచినప్పుడు ఆ రాయి మరుగున పడిపోయింది. ఇప్పుడు మండపాన్ని మళ్లీ కట్టారు. మావాడు నాలుగు స్తంభాల దగ్గరికీ వెళ్లి, వంగి, కింద రాయి ఉందో లేదో చూసి వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే.

వెళ్లాలనుకునేవారికి

• భారతీయులకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పెద్దలకు పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. పెద్దలు ఆధార్ ఒక్కటే పట్టుకుని వెళ్లకండి. 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు, నిర్ణీత నమూనాలో స్కూల్ ప్రిన్సిపల్ ఇచ్చే గుర్తింపు పత్రం పనికొస్తుంది. కావలసినవారు కనీసం రెండు వారాల ముందు ఆఫీసులో అడగండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ బుక్ చేసే ముందు ఒకసారి సరిచూసుకోండి.

• మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు. మన వంద రూపాయల నోట్లు ఎక్కువగా పట్టుకెళ్లండి.

• గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందుంటుంది. ఎందుకో మీ పిల్లల్ని కనుక్కోమనండి.

• భక్తపూర్ టికెట్ మన దేశస్థులకు మిగతా విదేశీయులకన్నా తక్కువ. గుర్తింపు కార్డు చూపించాలి. గైడ్ ఫీజు ముందే మాట్లాడుకోండి. "మా బాబును ప్రశ్నలు అడగండి" అని కూడా ముందే చెప్పండి.

• ఉదయం ఎనిమిదికల్లా చేరుకోండి. ఒక్కరోజులో ఒక్క ఊరే చూడండి. మూడు చౌక్‌లు నిదానంగా చూస్తే చాలు.

నేపాల్ వెళ్లకపోయినా

తిరిగి వచ్చాక ఒక ఆదివారం అందరం మా తాతగారి ఊరు వెళ్లాం. అక్కడ మాకు పాత మండువా లోగిలి ఉంది. నాలుగేళ్లుగా తాళం వేసి ఉంది. అమ్మేద్దామా ఉంచుదామా అని నాన్న, బాబాయిలు ఎప్పటినుంచో అనుకుంటున్నారు. మావాడు లోపలికి వెళ్లగానే పైకి చూశాడు. మండువా చూరు మీద పెంకుల మధ్య గడ్డి. "తాతయ్యా, ఇది పీకించారా?" అని అడిగాడు. నాన్న చాలాసేపు పైకే చూస్తూ ఉండిపోయారు. ఇంటిని ఏం చేయాలో ఇంకా తేలలేదు. కానీ వానలు రాకముందే మనిషిని పిలిపించి పెంకులు సర్దించారు.

మీ చుట్టుపక్కల కూడా ఇలాంటివి ఉంటాయి. ఊరి గుడి, పాత బావి, అమ్మమ్మగారి పెంకుటిల్లు, ఏదైనా సరే. ఈ నెల ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లండి. మీరు ఏమీ చెప్పకండి. మూడు ప్రశ్నలే అడగండి: బరువు ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతోంది? వాననీళ్లు ఎటు పోతున్నాయి? దీన్ని ఎవరు బాగు చేస్తున్నారు? మూడో ప్రశ్నకు జవాబు దొరకకపోతే, ఆ ఊరి పెద్దవాళ్లను అడగమనండి.

పిల్లలు గీసిన బొమ్మ, రాసిన నాలుగు వాక్యాలు ఇంగ్లీషులోనైనా తెలుగులోనైనా సరే, క్లాస్ టీచర్‌కు పంపండి. మార్కులు లేవు. బాగున్నవి వచ్చే సంచికలో వేస్తాం.